కడపలో ఫ్లెక్సీలు కట్టించే అన్నలకు బొమ్మల పాప రాసేది ఏమనగా

అన్నలూ, నమస్తే.

నేనెవరో మీకు తెలియదు. మీరు మాత్రం నాకు బాగా తెలుసు. పొద్దున హాస్టల్ గేటు దాటితే మొదట కనిపించేది మీరే. ఏడు రోడ్ల కూడలికి వస్తే ఇరవై అడుగుల ఎత్తున నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, చేతులు జోడించి, చుట్టూ పాస్‌పోర్టు సైజు ఫొటోల్లో మీ స్నేహితులంతా నవ్వుతూ ఉంటారు. మా ఇంట్లోవాళ్ల పుట్టినరోజులు మర్చిపోతానేమో గానీ మీవి మర్చిపోయే అవకాశమే లేదు. మీరు మర్చిపోనివ్వరు, పుట్టినరోజు పోయి నెలన్నరైనా సరే.

మాది మైదుకూరు దగ్గర పల్లె. ఇక్కడ పెయింటింగ్ చదువుతున్నాను, మూడో సంవత్సరం. ఈ ఉత్తరం పేర్లు పెట్టి ఎవరినీ తిట్టడానికి కాదు. ఎవరి పేరూ రాయను కూడా. మీ ఫ్లెక్సీల వెనకాల ఏముందో మీరు ఎప్పుడూ చూసి ఉండరు, ఎందుకంటే మీరు దాన్ని ముందు వైపు నుంచే చూస్తారు. నేను ఒక ఏడాదిగా వెనక వైపు చూస్తున్నాను. అది చెబుదామని.

పోయిన ఏడాది మా సార్ ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ఊరిని గీసుకురండి, వంద బొమ్మలు, ఫొటో చూసి గీస్తే నాకు తెలిసిపోతుంది అన్నారు. అందరూ దేవుని కడప గుడికి, పెద్ద దర్గాకు, పాలకొండల దిక్కుకు పోయారు. నేనూ రెండు రోజులు గుడి దగ్గరే కూర్చున్నాను, కానీ అక్కడ మా క్లాసువాళ్లే ఆరుగురు వరసగా కూర్చుని అదే గోపురం గీస్తుంటే నాకు నవ్వొచ్చి లేచి వచ్చేశాను. ఎండకు తాళలేక వైవీ స్ట్రీట్‌లో ఒక పాత అంగడి అరుగు మీద కూలబడ్డాను. నాపరాయి అరుగు. (ఏప్రిల్‌లో మధ్యాహ్నం పూట కడప నాపరాయి మీద కూర్చోవడం ఎంత తెలివితక్కువో అక్కడే తెలిసింది.) లేచి నిలబడి పైకి చూస్తే బోర్డు. రేకు మీద ఎనామిల్ పెయింటుతో చేత్తో రాసిన బోర్డు. ఎరుపు అక్షరాలు, కింద పసుపు నీడ, రంగు పెచ్చులు లేచిపోయింది గానీ అక్షరం మాత్రం నిలబడే ఉంది. ‘స్త్రీ’ అనే అక్షరం ఉంది అందులో. స కింద త, దాని పక్కన ర వత్తు, నెత్తిన గుడి దీర్ఘం, ఇంత బరువు మోస్తూ కూడా ఆ అక్షరం పక్కవాటికంటే ఒక్క పిసరు పెద్దదిగా లేదు. ఎట్లా సర్దాడో అర్థం కాక అరగంట దాన్నే గీశాను.

అప్పుడు నిర్ణయించుకున్నాను, నా వంద బొమ్మలూ చేతి రాత బోర్డులే అని.

రోడ్డు మీద నిలబడి గీయడం అంటే ఏంటో మీకు చెప్పాలి. పెన్సిల్‌ను చెయ్యి చాపి పట్టుకుని, ఒక కన్ను మూసి, బొటనవేలు జరుపుతూ కొలత తీసుకుంటాం. అది బీకేఎం స్ట్రీట్‌లో చేశానో లేదో, ఎదురుగా అంగడాయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. “ఏం పాపా, రోడ్డు వెడల్పు మళ్లా వచ్చిందా? మాది ఎన్ని అడుగులు పోతాది?” అని. కాదన్నా, ఊరికే బొమ్మ గీసుకుంటాండా అంటే నమ్మలేదు. పక్కంగడివాళ్లను పిలిచాడు. ఐదు నిమిషాల్లో ఎనిమిది మంది. ఒకాయన పట్టా కాగితాలు కూడా తెచ్చాడు, ఒట్టు. పుస్తకం మొత్తం తిప్పి చూపించాక గానీ వదల్లేదు. చూపించాక కథ మారిపోయింది. స్టూలు వేశారు, టీ తెప్పించారు, ఆ టీ తెచ్చినాయన నా భుజం మీదుగా చూసి “ఆ కరెంటు తీగలు వేయొద్దు మా, అంగడి నీటుగా కనపడాల” అని సలహా ఇచ్చాడు. మా సార్ మూడేళ్లుగా చెబుతున్నది అదే, ఏది వదిలేయాలో తెలుసుకో అని. టీ కొట్టాయన ఒక్క మాటలో తేల్చేశాడు. ఆ రోజు నుంచి ఆ వీధిలో నా పేరు బొమ్మల పాప.

బోర్డులు వెతుకుతూ తిరిగితే ఒక సంగతి కనిపెట్టాను. చాలా బోర్డుల కింద మూలన ఒకే సంతకం. చిన్న అక్షరాల్లో పేరు, పక్కన ‘ఆర్ట్స్’ అని. అల్మాస్‌పేటలో అదే, అప్సర సర్కిల్ దగ్గర సందులో అదే. ఆ సంతకం పట్టుకుని అడుగుతూ పోతే చివరికి నకాష్ వీధి దగ్గర ఇంట్లో దొరికాడు ఆ పెద్దాయన. డెబ్భై దాటి ఉంటాయి. నకాష్ అంటే ఏంటో తెలుసా బేటా, చెక్కేవాడు, బొమ్మలు వేసేవాడు అని, ఆ పేరున్న వీధిలో ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలినా అని నవ్వాడు. ఇప్పుడాయన చేసే పని టు-లెట్ బోర్డులు, ఇంటి నంబర్లు, రాతి మీద చెక్కిన అక్షరాల్లో నల్లరంగు నింపడం. వయసులో ఉన్నప్పుడు సినిమా కటౌట్లకు పనిచేశాడట, గళ్లు కొట్టి చిన్న ఫొటోను ముప్పై అడుగులకు పెంచేవాళ్లు.

నేను ఆయన దగ్గర నాలుగు నెలలు కూర్చున్నాను. కాలేజీలో నేర్చుకోనిది అక్కడ నేర్చుకున్నాను అని రాస్తే మా సార్ బాధపడతారు, కానీ నిజం.

ఇంగ్లీషు రాయడానికి రెండు దారాలు చాలట, తెలుగుకు మూడు కొట్టాలట. సుద్ద పూసిన దారాన్ని ఇద్దరు చెరో వైపు లాగి పట్టుకుని మధ్యలో వేలితో ఎత్తి వదిలితే టప్‌మని గీత పడుతుంది. మొదటి గీత తలకట్టుకు, గుడికి. రెండోది అక్షరం కూర్చునే చోటు. మూడోది వత్తులకు. కొత్తవాళ్లు మూడోది మర్చిపోతారు, ‘లక్ష్మి’ దగ్గరికి వచ్చేసరికి కింద చోటు ఉండదు, మ వత్తును నలిపేస్తారు. “వత్తు నలిగితే పేరు నలిగినట్టే” అంటాడాయన. సున్న ఒక్క ఊపులో రాయకూడదు. పైనుంచి ఎడమ సగం, మళ్లీ పైనుంచి కుడి సగం, రెండూ కింద కలిసే చోట బ్రష్‌ను వేళ్ల మధ్య తిప్పాలి. నేను కంపాస్ తెచ్చి గుండ్రంగా గీస్తే చూసి, కంపాస్‌తో గీస్తే చచ్చిన సున్న అన్నాడు. ఆయన సున్న కొంచెం వాలి ఉంటుంది, నిలబడి ఎవరికోసమో చూస్తున్న మనిషిలాగా. నీడ ఏ వైపు వేయాలో అంగడి మీద పొద్దున ఎండ ఏ వైపు నుంచి పడుతుందో చూసి నిర్ణయిస్తాడు. చెయ్యి వణకకుండా ఆనించుకోవడానికి చివర గుడ్డ చుట్టిన కర్ర ఒకటి, రంగు కలపడానికి కొబ్బరి చిప్ప. అంతే సామాను.

ఒక బోర్డు మీద తెలుగు ఎడమ నుంచి, ఉర్దూ కుడి నుంచి రాసుకుంటూ వచ్చి రెండూ మధ్యలో కలిసే చోట ఒక చిన్న పువ్వు వేశాడు. అది ఇప్పటికీ ఉంది, మీలో ఒక అన్న ఫ్లెక్సీ వెనకాల.

ఇక్కడ మీకొక తమాషా చెప్పాలి. ఆయన కొడుకు ఫ్లెక్సీ షాపులో డిజైనర్. మీ మొహాలకు పాలరంగు వేసేది, మీ వెనక సింహాన్ని నిలబెట్టేది ఆ అన్నే. నాన్న మీద గౌరవం లేక కాదు, ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. ఆ అన్న చెప్పే కథలు వినాలి. రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో నలభై రెండు ఫొటోలు పడతాయట, తెల్లారేసరికి కట్టాలట. ప్రింటింగ్ ఆలస్యం కాదు, ఎవరి ఫొటో ఎవరికంటే పెద్దగా ఉండాలి అన్న దగ్గర ఆలస్యమట. ఒకసారి రెండు ఫొటోలు స్కేలు పెట్టి కొలిచారట. అక్షరాల గురించి ఎవరూ ఒక్క మాట అడగరట. ఉన్న ఫాంట్‌లోనే టైప్ చేసి, చోటు మిగిలితే పక్కలకు సాగదీస్తాడు, చాలకపోతే నొక్కేస్తాడు. ‘హార్దిక’ అని రాస్తే తప్పు రాశావని ధ కు మార్పిస్తారట! సరే అన్నా అని మారుస్తాడు. నాన్నకు మాత్రం ఫోన్లో చూపించడు.

నేనూ శుద్ధపూసను కాదు. కాన్వాస్ కొనడానికి డబ్బులు చాలక మీ పాత ఫ్లెక్సీ వెనక తెల్ల వైపు గెస్సో (రంగు పట్టడానికి ముందు వేసే తెల్ల పూత) పూసి రెండు పెయింటింగులు వేశాను. ఒకటి ఎండకు పెచ్చులూడిపోయింది, అది వేరే సంగతి. మీ ఫ్లెక్సీలు ఊరికే పోవని నాకు తెలుసు. తోపుడు బండికి పైకప్పు అవుతాయి, వాన వస్తే శనక్కాయల కుప్ప మీద పడతాయి, మా పల్లెలో గొర్రెల దొడ్డికి అడ్డం కడతారు. మొన్న రైతు బజార్లో ఉల్లిగడ్డల కింద ఒక పెద్దమనిషి మొహం చూశాను, రెండు చేతులూ జోడించే ఉన్నాడు. పాత గుడ్డయినా మట్టిలో కలుస్తుంది, ఇది కలవదు. ప్లాస్టిక్కే కదా, పీవీసీ. కాలిస్తే వచ్చే పొగ మనమే పీల్చాలి. వంద మైక్రాన్ల కంటే పలచటి పీవీసీ బ్యానర్లు దేశమంతా 2022 జులై 1 నుంచే నిషేధం. ఆ మాట చెబితే మావి మందంగానే ఉంటాయి పాపా అన్నాడు మీలో ఒక అన్న. సరే, మందంగా ఉంటే ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది, అంతే తేడా.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

వంద బోర్డులు అనుకున్నాను గానీ అరవై మూడే దొరికాయి. సంవత్సరం తిరిగేసరికి అందులో ఇరవై ఒకటి లేవు. కొన్ని అంగడి మారి పోయాయి, కొన్ని తుప్పు పట్టి పోయాయి, వాటికి నేను ఎవరినీ అనను. తొమ్మిది మాత్రం మీ మేకులతో పోయాయి. బోర్డు ఉంది గట్టిగా, దానికే మేకు కొట్టి ఫ్లెక్సీ కట్టేశారు. ఒక మంగలి షాపు బోర్డు నలభై రోజులు కనపడలేదు. తీసేయొచ్చు కదన్నా అంటే ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి, నాకెందుకు పాపా, వాళ్లే తీస్తార్లే అన్నాడు. ఆ గొంతు తగ్గించడం ఉంది చూశారా, అది గీయడం నాకు రాలేదు.

ఆ పోయిన బోర్డుల కోసం మేం ఐదుగురం ఒక గోడ తీసుకున్నాం. బుగ్గవంక దగ్గర సందులో ఒక గోడౌన్ గోడ, యజమానిని అడిగి, కాగితం మీద సంతకం పెట్టించుకుని మరీ. వర్ణమాల మొత్తం రాశాం, అ నుంచి ఱ వరకు, కానీ ఒక్కో అక్షరం ఒక్కో బోర్డు నుంచి ఉన్నదున్నట్టు దించాం. అ ఒక అరటిపండ్ల మండీది, క కిరాణా కొట్టుది, సైకిల్ షాపు నుంచి స, టైలర్ బోర్డు నుంచి ట. ఙ, ఞ ఏ బోర్డు మీదా దొరకలేదు, ఎవరు పెట్టుకుంటారు అలాంటి పేరు, అవి రెండూ పెద్దాయన తన చేత్తో రాశాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, నిలబడే రాశాడు. పదకొండు రోజులు, పొద్దున ఆరు నుంచి తొమ్మిది వరకు, ఆ తర్వాత ఎండకు బ్రష్ మీదే రంగు గట్టిపడిపోతుంది. పాలు పోసేవాళ్లు, బడికి పోయే పిల్లలు, చెత్త బండి అక్కలు, అందరూ ఆగి చూసేవాళ్లు. ఒక అవ్వకు చదవడం రాదు, కానీ “ఆ ట మా ఇంటాయన టైలరంగడి మీదిది” అని గుర్తుపట్టింది. నిజంగానే అది వాళ్లదే. ఆ అంగడి మూతపడి పదేళ్లయిందట.

పన్నెండో రోజు పొద్దున ఫొటోలు తీసుకుందామని పోతే ఫ్లెక్సీ. ఇరవై బై పది. కాంక్రీటు మేకులు కొట్టి గోడంతా కప్పేశారు. చివర క్ష, ఱ మాత్రం బయటికి కనపడుతున్నాయి. ఏడుపు రాలేదు నాకు, నవ్వొచ్చింది, ఆ రెండక్షరాలూ ఫ్లెక్సీ మీది పేరుకు చివర తగిలించినట్టే ఉన్నాయి.

కట్టిన తమ్ముళ్లను అడిగాను. మంచిగానే మాట్లాడారు. బొమ్మలున్నాయని చూడలేదక్కా, చీకట్లో కట్టినాం, పది రోజులే అన్నారు. ఈ రోజుకు యాభై రెండో రోజు. మొన్న గాలివానకు ఒక మూల చినిగి, ఆ చినిగిన ముక్క రాత్రంతా కొట్టుకుని కొట్టుకుని గోడ మీద రంగును గీరేసింది. ఏ అక్షరాలు పోయాయో లోపల చూస్తే గానీ తెలియదు. నేనే పీకేయొచ్చు కదా అంటారేమో. భయమేసింది అన్నలూ. హాస్టల్లో ఉండే ఆడపిల్లను, నాకు ధైర్యం చాల్లేదు. గోడౌన్ ఆయనకూ చాల్లేదు. మంగలి షాపాయనకూ చాల్లేదు. ఎవరి గోడ అది?

దసరా సెలవుల తర్వాత ఒక ఆదివారం కలమళ్ల పోయాను. ఎర్రగుంట్ల దాటితే వస్తుంది, థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు కనపడుతుంటాయి. ఆ ఊరి చెన్నకేశవ గుడి దగ్గరిదే ఎరికల్ ముత్తురాజు శాసనం. రేనాటి చోళరాజు ధనంజయుడి కాలం, 575 ప్రాంతం. ఇప్పటిదాకా దొరికినవాటిలో పూర్తిగా తెలుగులో ఉన్న మొట్టమొదటి శాసనం అదే అంటారు. మిగతా రాజులు ఎక్కువగా సంస్కృతంలో చెక్కించుకుంటున్న రోజుల్లో మన జిల్లాలో ఒకాయనకు జనం మాట్లాడే మాటలో రాయించాలి అనిపించింది. ఆ అక్షరాలు మనం చదవలేం, అరిగిపోయాయి కూడా. ఆయనా మీలాంటివాడే కదా అనుకున్నాను. తన పేరు పదిమందికి కనపడాలి అనుకున్నాడు. అందులో తప్పేముంది. కాకపోతే ఆయన ఒక పనివాణ్ణి పిలిచి, ఉలి ఇచ్చి, నిదానంగా చెక్కు అన్నాడు. పద్నాలుగు వందల ఏళ్లు దాటాక మైదుకూరు పిల్ల ఒకతి ఆ పేరు వెతుక్కుంటూ బస్సెక్కింది. మీ ఫ్లెక్సీకి నాలుగు నెలలకు రంగు వెలిసి మొదట మొహం పోతుంది, కళ్లద్దాలు మాత్రం మిగులుతాయి, ఎప్పుడైనా గమనించారా?

ఫ్లెక్సీలు వద్దే వద్దు అని నేను అనను. అంటే మీరు వినరు, పెద్దాయన కొడుకు ఉద్యోగం కూడా పోతుంది. పండగ అయిన మూడో రోజు దించేయండి, కట్టిన తమ్ముళ్లే దించుతారు, వాళ్లకు ఆ కూలి కూడా ముందే ఇవ్వండి. బోర్డుకు, చెట్టుకు, ఎవరో కష్టపడి రాసిన గోడకు మేకు కొట్టొద్దు. అంతే. ఇంకొకటి ఉంది, ఇది అడగడానికి కొంచెం మొహమాటంగా ఉంది గానీ అడుగుతాను. ఈసారి పుట్టినరోజుకు మీలో ఎవరైనా ఒక్కరు పేరు చేత్తో రాయించుకోండి. గుడ్డ మీదైనా సరే, రేకు మీదైనా సరే. ఆయన బ్రష్ పట్టుకుని ఏడు రోడ్ల దగ్గర నిలబడితే రెండు గంటల సేపు జనం కదలరు, తర్వాతి అక్షరం ఏంటా అని ఎదురుచూస్తారు, అందరూ కలిసి మీ పేరు కూడబలుక్కుని చదువుతారు. మీ ఫ్లెక్సీ ముందు అంతసేపు ఎవరైనా నిలబడ్డారా, సిగ్నల్ పడితే తప్ప? డబ్బుల దగ్గర ఫ్లెక్సీకంటే కొంచెం ఎక్కువే అవుతుంది, అబద్ధం చెప్పను. నలభై రెండు ఫొటోలు కూడా పట్టవు. కానీ మీ పేరులో వత్తు ఉంటే అది నలగదు, ఆ పూచీ నాది.

గోడ సంగతి. ఆ అన్నకు ఈ ఉత్తరం ఎవరో ఒకరు చూపిస్తారని నాకు నమ్మకం, మన ఊరు అంత పెద్దదేం కాదు. అన్నా, మీ పుట్టినరోజు బాగా జరిగిందని విన్నాను, సంతోషం. వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి మేం ఐదుగురం గోడౌన్ దగ్గర ఉంటాం, పెద్దాయనను ఆటోలో తీసుకొస్తున్నాం. మీ తమ్ముళ్లను ఇద్దరిని పంపండి, మీ మనుషులు ఉంటే మాకూ భయం ఉండదు. ఫ్లెక్సీ చింపకుండా దించి, మడిచి మీకే ఇస్తాం. నిచ్చెన ఉంది, మేకులు పీకడానికి కటింగ్ ప్లేయర్ కూడా మా దగ్గరే ఉంది. ఎరుపు డబ్బా ఒకటి తగ్గింది, అది శనివారం కొంటాను.

ఇట్లు,
బొమ్మల పాప